పాట ఆపిన తర్వాత

యుగేందర్ రెండోసారి నా షాపుకు వచ్చినప్పుడు కారులో రాలేదు. బచ్చన్నపేట నుంచి బస్సులో వచ్చి, జనగామ బస్టాండులో దిగి, ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. జూన్ రెండో వారం. వానలు ఇంకా పడలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాడు. కార్లకు స్పీకర్లు బిగించే షాపులోకి ఎవరూ చెప్పులు విప్పి రారు. గుండు చేయించుకున్న తల మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. అది చూసి నేను ఏమైందని అడగలేదు. కుర్చీ జరిపి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చాను.

నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, "సార్, ఒక్క మాట అడగనీకి వచ్చిన. అబద్ధం చెప్పొద్దు" అన్నాడు.

అడగమన్నాను.

"నా కారు కూసిందా, కూయలేదా?"

అతను అడుగుతున్నది దేని గురించో నాకు వెంటనే అర్థం కాలేదు. మొదటిసారి అతను వచ్చింది ఫిబ్రవరిలో. కొని నాలుగు నెలలే అయిన తెల్ల కారు, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. భూపాలపల్లిలో గది తీసుకుని ఉంటూ కాటారం, చిట్యాల వైపు పెళ్లిళ్లకూ దవాఖానలకూ కిరాయికి తిప్పుతానని, శనివారం వస్తే బచ్చన్నపేట పక్క ఊళ్లో ఉన్న తల్లి దగ్గరికి పోతానని చెప్పాడు. మూడున్నర గంటల దారి. కంపెనీ ఇచ్చిన స్పీకర్లలో పాట వింటుంటే రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుందన్నాడు. మంచి సౌండు కావాలి, కాని కంపెనీ స్టీరియో మాత్రం తీయకూడదు. ఒక్క వైరు కోసినా వారంటీ పోతుందని షోరూం వాళ్లు భయపెట్టారట.

అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి చెప్పాడు. రివర్స్ గేరు వేసినప్పుడు వెనక ఏదైనా అడ్డం ఉంటే వచ్చే బీప్ ఆ స్టీరియో నుంచే వస్తుంది. స్టీరియో మారిస్తే అది పోతుంది. వాళ్లమ్మ భద్రమ్మ దాన్ని కూత అంటుందట. కారు కొన్న రోజు ఆమెను వెనక నిలబెట్టి, రివర్స్ వేసి వినిపించాడు. అప్పటి నుంచి అతను ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె కావాలనే పోయి కారు వెనక నిలబడేది, లేకపోతే కూర్చునేది. కారు కూయగానే నవ్వుకుంటూ లేచేది. "నా కొడుకు సూడకున్నా వాని కారు నన్ను సూస్తది" అని వాడంతా చెప్పుకునేదట.

ఆ మాట నాకు నచ్చింది. కంపెనీ స్టీరియో కదిలించననీ, ఒక్క వైరు కూడా కోయననీ మాట ఇచ్చాను. ఆ పని నాకు కొత్త కాదు. స్టీరియో వెనక వైర్లన్నింటినీ కలిపే ప్లాస్టిక్ కప్లరు విప్పి, మధ్యలో మరో కప్లరు పెడితే, పాత స్పీకర్లకు పోవాల్సిన సౌండంతా సీటు కింద బిగించిన ఆంప్లిఫయరుకు పోతుంది. అది దాన్ని పెంచి కొత్త స్పీకర్లకు పంపుతుంది. పాత స్పీకర్లు వాటి చోట్లోనే ఉంటాయి. పాటైనా, బీప్ అయినా అదే దారి. ఎప్పుడైనా వద్దనుకుంటే కప్లర్లు విప్పి పాత కప్లరు మళ్లీ కలుపుకోవడమే. సాయంత్రానికి పని ముగించి, పాట పెట్టి, రివర్స్ వేసి చూపించాను. పాట తగ్గి, గట్టిగా బీప్ వచ్చింది. యుగేందర్ స్టీరింగ్ మీద చెయ్యి వేసుకుని చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

ఇప్పుడు అదే మనిషి నా ఎదుట కూర్చుని, కూసిందా లేదా అని అడుగుతున్నాడు.

జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మే నెలలో మూడో శనివారం. వాళ్ల వాడలో సారయ్య అనే ముసలాయన పొద్దున చనిపోయాడు. ఊరి మొగదలనే ఎవరో ఆ సంగతి చెప్పారు. వాడలో పీనుగ ఉంటే ఎవరూ పాట పెట్టరు, టీవీ కూడా పెట్టరు. యుగేందర్ అక్కడే స్టీరియో బంద్ చేశాడు. సారయ్య ఇంటి ముందు కారు ఆపి, లోపలికి పోయి మొక్కి, అరగంట కూర్చుని, మళ్లీ కారెక్కాడు. అక్కడికీ తన ఇంటికీ మధ్య నాలుగిళ్లు. ఎప్పటిలాగే రివర్స్‌లో గేటు లోపలికి తీసుకున్నాడు.

భద్రమ్మ కూడా సారయ్య ఇంటికి పోయి, వాకిట్లో ఆరబోసిన వడ్లకు మేకలు పడతాయని ముందే వచ్చేసింది. గోడ నీడలో కూర్చుని, గేటుకు వీపు పెట్టి, చాటలో రాళ్లు ఏరుతోంది.

"అవ్వ కారు సప్పుడు విన్నది సార్. విననట్టు ఎట్లుంటది? కని అది కూసినంకనే లేసేది ఆమె. గదే ఆట ఆమెకు. అది కూయలే. ఆమె లేవలే. కూయకపోతే ఎనుక ఎవ్వలు లేరనే కద సార్ నేననుకునేది."

ఆమెను జనగామ దవాఖాన దాకా తీసుకొచ్చారు. సాయంత్రం దాటలేదు.

ఆ రోజు వాడలో రెండు పీనుగులు. మర్నాటికి ఊళ్లో మాట పుట్టింది. యుగేందర్ కారులో పెద్ద పెద్ద స్పీకర్లున్నాయని అందరికీ తెలుసు. సారయ్య ఇంటి ముందు నుంచే పాటలు మోగించుకుంటూ పోయి తల్లిని తొక్కాడని ఒకరన్నారు, అందరూ నమ్మారు. మానుకోటలో ఇచ్చిన అక్క, సౌందర్య, దిగీ దిగగానే ఆ మాటే విన్నది. తండ్రి పోయినప్పుడు యుగేందర్‌కు తొమ్మిదేళ్లు. తల్లి కూలికి పోతే సాకింది ఆ అక్కే. పదకొండో రోజు అందరి ముందూ, "నీ పాటల పిచ్చి అవ్వను మింగింది. నాకు తమ్ముడు లేడు" అని, ముద్ద ముట్టకుండా బస్సెక్కి వెళ్లిపోయింది. పోలీసులు వచ్చి రాసుకున్నారు. పదిహేను రోజులు కారు వాళ్ల దగ్గరే ఉంది. ఇప్పుడు వాకిట్లో టార్పాలిన్ కింద ఉంది. అతను దాన్ని మళ్లీ ముట్టలేదు.

"ఊరోళ్ల మాట పక్కకు పెట్టు సార్. నాకే తెలుస్తలేదు. పాట బంద్ చేసిన్నా? బంద్ చేసిన అనుకుంటున్నానా? అది కూసిందేమో, నేనే వినలేదేమో. పండుకుంటే చెవులల్ల కూత వస్తది. గప్పుడు రానిది గిప్పుడు వస్తున్నది. కారు జూసేటోనివి నువ్వొక్కనివే. కూసిందంటే కూసిందని చెప్పు. నేను తట్టుకుంట."

మర్నాడు బస్సులో వాళ్ల ఊరికి పోయాను. వడ్లు సంచులకెత్తి గోడ పక్కన పెట్టి ఉన్నాయి. చాట అక్కడే ఉంది. ఎవరూ తీసినట్టు లేదు. నేను టార్పాలిన్ మడత పెడుతుంటే నాలుగిళ్ల అవతల నుంచి సారయ్య భార్య రెండు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చింది. ఒకటి నాకిచ్చి, రెండోది యుగేందర్ చేతిలో పెట్టి, అతను తాగేదాకా నిలబడి, గ్లాసు తీసుకుని వెళ్లింది. ఆ వాడలో ఇరవై రోజులుగా అతనికి ఎవరైనా చేతికి ఏదైనా ఇచ్చారో లేదో నాకు తెలియదు. కారు నేనే నడుపుకుంటూ జనగామకు తెచ్చాను. అతను రానన్నాడు.

షాపు వెనక ఖాళీ స్థలంలో కారు పెట్టి, వెనక ఒక నీళ్ల డ్రమ్ము నిలబెట్టాను. పాట పెట్టి రివర్స్ వేశాను. పాట తగ్గింది, బీప్ వచ్చింది. స్పష్టంగా, గట్టిగా. నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ వచ్చింది. నా పని సరిగ్గానే ఉందని గుండె తేలికైంది. అది తేలికైతే అతని మెడకు ఏం చుట్టుకుంటుందో రెండు నిమిషాల తర్వాత గాని తట్టలేదు.

అప్పుడు నా భార్య గుర్తుకొచ్చింది.

నేను హన్మకొండలో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివి ఈ షాపు పెట్టి ఇరవై రెండేళ్లు. డిగ్రీ చదివిన మెకానిక్కని అందరూ సార్ అంటారు. అసలు చెవి మాత్రం విజయలక్ష్మిది. ప్రతి కారూ పని అయ్యాక ఆమె ఇంట్లోంచి వచ్చి, వెనక సీట్లో కూర్చుని, పాట ఆపమనేది. ఇంజను నడుస్తుండగా కళ్లు మూసుకుని వినేది. పాట మోగుతుంటే దోషాలన్నీ దాని కింద దాక్కుంటాయని ఆమె నమ్మకం. సన్నటి ఈల, బుస్సుమనే చప్పుడు, ఎక్కడో వదులైన రేకు, అన్నీ ఆమెకు పాట ఆగాకే దొరికేవి. "ఇప్పుడు సూడు, ఎడమ తలుపుల ఏదో గీరుతున్నది" అనేది. విప్పి చూస్తే ఉండేది. మూడేళ్ల కిందట జ్వరమని దవాఖానకు పోయి, వారం తిరగకుండానే పోయింది.

ఆ తర్వాత నేను పాట పెట్టి చూసి కారు ఇచ్చేస్తున్నాను. మరచిపోయి కాదు. ఆ వెనక సీట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు.

ఆ రోజు స్టీరియో బంద్ చేసి, తాళం తీసి, వెనక సీట్లోకి పోయి కూర్చున్నాను. అరగంట. షాపుకు ఎవరూ రాలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు. షాపు ఎదురుగా ఉండే టీకొట్టాయన చక్కెర లేని టీ తెచ్చి, నా ముఖం చూసి, గ్లాసు సీటు మీద పెట్టి పోయాడు. అరగంట అయ్యాక ముందు సీట్లోకి వచ్చి, తాళం తిప్పి, పాట పెట్టకుండా రివర్స్ వేశాను.

బీప్ రాలేదు.

ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. మూడు దాటిన తర్వాత, ఎవరో నిద్ర లేపితే లేచినట్టు, స్పీకర్లలో చిన్న టక్కు, ఆ వెంటనే బీప్.

కారణం వెతకాల్సిన పని లేదు. నా చేతులకు తెలుసు. ఆంప్లిఫయరు ఎప్పుడు మేలుకోవాలో దానికి చెప్పడానికి రెండు దారులు. ఫ్యూజుల పెట్టె నుంచి ఒక వైరు లాగితే, తాళం తిప్పినంతసేపూ అది మేలుకునే ఉంటుంది. లేదా దాని మీదే ఉన్న ఆటో అనే మీట నొక్కితే, సౌండు వచ్చినప్పుడు లేస్తుంది, కొంతసేపు ఏ సౌండూ లేకపోతే పడుకుంటుంది. కంపెనీ వైర్లు ముట్టననే మాట నిలబెట్టుకుంటున్నానని మురిసిపోతూ ఆ మీట నొక్కాను. పాట నడుస్తున్నంతకాలం, పాట ఆపిన వెంటనే కూడా, అది మేలుకునే ఉండేది. కారెక్కగానే పాట పెట్టడం యుగేందర్ అలవాటు. అందుకే మూడు నెలలు ఏ తేడా కనబడలేదు. ఒక్క సారయ్య చనిపోయిన రోజే యుగేందర్ పాట బంద్ చేసి అరగంట ఆగాడు. పీనుగకు మర్యాద ఇచ్చాడు. ఆ అరగంటలో నేను బిగించిన పెట్టె నిద్రపోయింది.

సరిచేయడం పది నిమిషాల పని. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది. సీటు కిందికి వంగి మూత కూడా విప్పాను. మీట మార్చి, ఒక వైరు లాగి, కారు అప్పగించి, బాగానే కూస్తున్నది అని చెప్తే, అడిగేవాడు లేడు. కనిపెట్టగలిగిన మనిషి మూడేళ్ల కిందటే పోయింది. లేదంటే కంపెనీ సెన్సరుదే తప్పని చెప్పొచ్చు. అది అతనికీ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. చాలాసేపు ఆ మీట మీద వేలు పెట్టుకుని అట్లాగే వంగి ఉన్నాను. నడుము పట్టేసింది. లేచి, మూత మళ్లీ బిగించి, యుగేందర్‌కు ఫోన్ చేసి పొద్దున రమ్మన్నాను.

అతను వచ్చి గుమ్మం దగ్గర మళ్లీ చెప్పులు విప్పబోతుంటే ఆపాను. కూర్చోబెట్టకుండానే చెప్పాను.

"నువ్వు పాట బంద్ చేసినవు. కారు కూయలేదు. నీ చెవులది కాదు తప్పు, నా పనిది."

అతను నమ్మినట్టు కనబడలేదు. నేనే మాట మారుస్తున్నాననుకున్నాడేమో. కారు దగ్గరికి తీసుకుపోయాను. నిన్నటి డ్రమ్ము అట్లాగే ఉంది. రాత్రంతా ఆంప్లిఫయరు పడుకునే ఉంది. తాళం నేను తిప్పుతానంటే వద్దన్నాడు. ఇరవై రోజుల తర్వాత మొదటిసారి డ్రైవరు సీట్లో కూర్చుని, తానే తాళం తిప్పి, తానే రివర్స్ వేశాడు. పైకే లెక్కపెట్టాడు. మూడు దాటాక బీప్ వచ్చింది. అతను గేరు తీయలేదు. అది కూస్తూనే ఉంది.

"మూడు లెక్కవెట్టేవరకు మా గేటు కాడ నుంచి గోడ కాడికి పోతది సార్" అన్నాడు.

కాలరు పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకుంటే బాగుండుననుకున్నాను. ఎందుకట్ల చేసినవని మాత్రం అడిగాడు. ఆటో మీట గురించి చెప్పాను. వైర్లు ముట్టొద్దన్న మాట గురించి చెప్పాను. ఆఖరికి అవన్నీ కావని, పాట ఆపి వినాల్సింది వినలేదని, అదే అసలు సంగతని చెప్పాను.

అతను గేరు తీశాడు. చప్పుడు ఆగింది.

"నేను గూడ మెడ తిప్పి సూడలే కద" అన్నాడు. స్టీరింగ్ మీంచి చెయ్యి తీసి, "దీన్ని మార్చకు సార్. గిట్లనే ఉంచు. అక్క వినాలె" అన్నాడు.

ఆ పూటే సౌందర్య ఉండే మానుకోటకు బయల్దేరాం. నేనే నడిపాను. పాట పెట్టలేదు. పాలకుర్తి దాటాక అతని తల కిటికీ అద్దానికి ఒరిగింది. ఎన్నాళ్లకు పట్టిన నిద్రో. తొర్రూరు దాకా ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా కారును దాదాపు ఆపి దాటించాను. వెనక లారీవాడు హారన్ కొట్టి, పక్కకు వచ్చి, అద్దంలోంచి నిద్రపోతున్న మనిషిని చూసి, ఇంక కొట్టకుండా పోయాడు.

సౌందర్య ఇల్లు రైలు పట్టాల అవతల ఇరుకు గల్లీలో. వరండాలో కుట్టు మిషన్ ముందు కూర్చుని ఉంది. కారును చూసింది. తమ్ముణ్ని చూసింది. చేతిలో గుడ్డ అట్లాగే వదిలి లోపలికి పోయి తలుపు సగం వేసింది. యుగేందర్ గల్లీలోనే ఆగిపోయాడు. నేను వరండా మెట్టు కింద నిలబడి, పేరు భూపాల్ అనీ, జనగామలో ఆ కారుకు స్పీకర్లు బిగించింది నేనేననీ చెప్పాను.

"పాటల సారువా?" లోపల నుంచే అంది. "మంచిగనే బిగించినవు. మా అవ్వ ఫోటోకు దండ పడ్డది."

నేను చెప్పాల్సింది చెప్పాను. తలుపు సందులోంచి ఆమె కన్ను ఒక్కటే కనబడుతోంది. మధ్యలో ఆపి, తమ్ముడే నన్ను సాక్ష్యానికి తోలుకొచ్చాడా అని అడిగింది. నేనే వచ్చానన్నాను. మొత్తం విన్నాక బయటికి వచ్చింది.

"ఏం చదివినవు సారు?"

"డిగ్రీ."

"డిగ్రీ చదివి, పాట ఆపి వినుడు తెల్వదా నీకు?"

జవాబు కోసం ఆగకుండా ఆమె చూపించమంది.

ముందు సౌండు ఉన్నప్పుడు చూపించాలి. చావింటివాళ్ల గుమ్మంలో పాట పెట్టడానికి చెయ్యి రాక రేడియో పెట్టాను. ఎవరో పత్తి విత్తనాలు ఏ లోతులో పెట్టాలో చెప్తున్నాడు. వెనక కుర్చీ ఒకటి పెట్టించి రివర్స్ వేశాను. వేసిన మరుక్షణం బీప్ వచ్చింది. రేడియో బంద్ చేసి, తాళం తీసి, ఇప్పుడు పావుగంట ఆగాలన్నాను.

గల్లీలో రెండు మూడు తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటామె తన ఇంట్లో టీవీ సౌండు తగ్గించింది. ఎందుకు తగ్గించిందో ఆమెకే తెలియదు. యుగేందర్ ఎండలోనే నిలబడ్డాడు. సౌందర్య మిషన్ ముందు కూర్చుని, సూది కింద గుడ్డ పెట్టింది, కాని తొక్కలేదు.

నేను కారెక్కబోతుంటే ఆమె లేచి వచ్చింది. కుర్చీని పక్కకు నెట్టి, కారు వెనక నేల మీద, కారుకు వీపు పెట్టి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో, చాట పట్టుకున్నట్టు.

"అక్కా, లే" అన్నాడు యుగేందర్.

"నువ్వుండు. ఎయ్యి సారు."

నేను దిగి, వెనక చక్రం కింద రెండు పెద్ద రాళ్లు పెట్టాను. హ్యాండ్ బ్రేకు రెండుసార్లు లాగి చూశాను. ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, రివర్స్ వేశాను.

ఒకటి. అద్దంలో ఆమె కొప్పు మాత్రం కనబడుతోంది. రెండు. గల్లీలో ఎక్కడా చప్పుడు లేదు. మూడు. ఆ మూడు ఇంత పొడుగని షాపు వెనక డ్రమ్ము పెట్టి చూసినప్పుడు నాకు తెలియలేదు. ఆ తర్వాత టక్కుమని, బీప్.

ఆమె లేవలేదు. వాళ్లమ్మలాగా లేస్తుందనుకున్నాను. యుగేందర్ కూడా అదే అనుకున్నాడేమో, ఒక అడుగు ముందుకు వేశాడు. నేను గేరు తీసి, తాళం తీశాక గాని ఆమె కదలలేదు. లేచి, చీరకు అంటిన దుమ్ము దులుపుకుని, నా దగ్గరికి వచ్చింది.

"పాట ఉంటే ఎంటనే కూస్తది."

"కూస్తది."

"అంటే పాట లేదు."

"లేదమ్మా."

తమ్ముడి వైపు తిరిగింది. "యాడ బంద్ చేసినవు?"

"ఊరి మొగదలనే, అక్కా."

"మరి గట్టిగ చెప్పకపోతివి నాకు?"

"నాకే నమ్మకం లేకుండె."

అప్పుడు ఆమె ముఖంలో బిగువు సడలింది. ఏడుపు చప్పుడు రానివ్వకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. గల్లీవాళ్లు ఒక్కొక్కరే తలుపులు మూసుకున్నారు. చాలాసేపటి తర్వాత కాళ్లు కడుక్కోమని తమ్ముడికి బకెట్టు చూపించింది. చూడకుండా వెనక్కి నడిపినందుకు తిట్టాల్సిన తిట్లు ఇంకా ఉన్నాయని, అన్నం తిన్నాక అవి తిడతానని చెప్పింది. అతను తలూపి, కాళ్లు కడుక్కున్నాడు.

బ్లౌజు కొలతలు రాసుకునే పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"గిదంత రాసియ్యి సారు. పోలీసోళ్లకు ఒకటి, మా ఊరోళ్లకు ఒకటి."

మెట్టు మీద కూర్చుని రెండు కాగితాలు రాశాను. ఏ తేదీన ఏం బిగించానో, ఏ మీట నొక్కానో, ఏది చూడకుండా కారు ఇచ్చేశానో. ఆ కాగితం పట్టుకుని రేపు ఎవరైనా నా షాపుకు వస్తారని రాస్తున్నప్పుడే తెలుసు. సంతకం కింద ఫోన్ నంబరు కూడా వేశాను. ఆమె పెదవులు కదుపుతూ మొత్తం చదివి, మడిచి, లోపల గోడకు ఉన్న ఫోటో వెనక దోపి వచ్చింది.

"నిన్ను అన్నానికి పిలువలేను సారు. ఏమనుకోకు" అంది.

ఏమీ అనుకోనన్నాను. ఆ మాత్రం మాట నాకు ఎక్కువే.

వాళ్లు లోపలికి పోయారు. యుగేందర్ పోతూ పోతూ కారు వైపు చూసి, "ఇగ తీసెయ్యి సార్" అన్నాడు. సంచిలో పనిముట్లు తెచ్చుకున్నాను. డాష్‌బోర్డు ముందు పట్టీ విప్పి, నేను మధ్యలో పెట్టిన కప్లరు లాగేసి, కంపెనీ కప్లరు దాని చోట్లో కలిపాను. టిక్కుమని కూర్చుంది. ఒక్క వైరు కూడా కోయలేదు, ఎక్కడా టేపు చుట్టలేదు. ఆ వైర్లలో నేను వచ్చిపోయిన జాడే లేదు. సీటు కింద ఆంప్లిఫయరు నాలుగు మరలు విప్పి సంచిలో వేసుకున్నాను.

ఇది చూడకుండా పోలేను. వెనక కుర్చీ మళ్లీ నిలబెట్టి, తాళం తిప్పి, రివర్స్ వేశాను. వేసిన మరుక్షణమే కూసింది. సన్నగా, రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టు.

ఇంట్లో పళ్లెం చప్పుడు ఆగింది. యుగేందర్ అన్నం అంటిన చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. అతని వెనక సౌందర్య. ఇద్దరూ కారు వెనక ఉన్న ఖాళీ కుర్చీని చూశారు. నేను గేరు తీసేశాను. ఆమె తమ్ముడి భుజం పట్టుకుని లోపలికి తిప్పింది. కాసేపటికి పళ్లెం చప్పుడు మళ్లీ మొదలైంది.

కారు తాళం కుట్టు మిషన్ మీద పెట్టి బయల్దేరాను. సంచి బరువుగా ఉంది. బస్టాండు చేరేలోగా రెండుసార్లు చేతులు మార్చుకున్నాను. తొర్రూరు బస్సులో ముందు సీట్లన్నీ నిండి ఉన్నాయి. వెనక సీట్లో కిటికీ పక్కన చోటు దొరికింది. డ్రైవరు పాటలు పెట్టాడు. నేను సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, అవి ఎప్పుడు ఆగుతాయా అని వింటూ కూర్చున్నాను.